తిలాపాపంలో మన పిడికెడు

అవినీతి గురించి మాట్లాడమంటే విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళంత ఉత్సాహంగా మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ ఉండరేమో! నలుగురం కలిస్తే చాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎంత అడిగారు, పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులు ఎంత పుచ్చుకున్నాడు, మన ఎమ్మెల్యే ఎన్ని ఎకరాలు వెనకేశాడు... ఇలా అర్ధరాత్రి దాకా సాగుతుంది. ఆ మధ్య దోహాలో ఒక హాల్లో మేము పెట్టుకున్న సభ కూడా అలాంటిదే. విషయం రాజకీయాల్లో నైతిక విలువలు. నేనూ ఇరవై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

సభ, భోజనాలు అయ్యాక ప్లేట్లు తీస్తున్న కేటరింగ్ కుర్రాడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరట. వెనక నిలబడి నా ఉపన్యాసం మొత్తం విన్నాడు. "సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు చెప్పిన లంచగొండోళ్ళు అందరు ఇండియాలనే ఉన్నరా?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. "ఎందుకలా అడుగుతున్నావు తమ్ముడూ?" అన్నాను. అప్పుడు తన సంగతి చెప్పాడు. ఇక్కడికి రావడానికి లక్షా ఇరవై వేల రూపాయలు కట్టాడు. ఊళ్ళో సబ్ ఏజెంటుకు 15 వేలు. పట్నంలో ఆఫీసుకు టికెట్టు, మెడికల్ అని 45 వేలు. కంపెనీ వీసా ఖర్చు అని ఇంకో 60 వేలు. దోహా వచ్చాక తెలిసింది, టికెట్టు, వీసా కంపెనీయే పెట్టుకుందని! అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. రసీదు ఉందా అని అడిగితే నవ్వాడు. "రసీదు ఏడిది సార్, ఉల్టా నేను పైసలు ఏం ఇయ్యలేదని ఫోన్ల వీడియో తీసుకున్నరు" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడి కష్టం ఒక కారణం. రెండో కారణం ఈ వ్యాసంలో చెబుతాను. చెప్పకపోతే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

ఎవరూ దొంగ కాదు, డబ్బు మాత్రం పోయింది

ముందు లెక్క చూద్దాం. ఖతార్ 2021 మార్చి నుంచి అమలు చేసిన కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్ళు. వసతి, భోజనం యజమాని పెట్టకపోతే వాటికి ఇంకో 500, 300 అదనం. వెయ్యి రియాళ్ళంటే మన డబ్బుల్లో ఇరవై మూడు, ఇరవై నాలుగు వేలు అనుకోండి. అంటే లక్షా ఇరవై వేలు అతని అయిదు నెలల మూలవేతనం. వడ్డీ ఒక్కటే నెలకు 3,600. ఇంటికి పంపే ప్రతి రూపాయిలో మొదటి వాటా వడ్డీ వ్యాపారిది, తర్వాతే తల్లిది, పెళ్ళాం పిల్లలది.

చట్టం లేదా అంటే ఉంది. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. దాని నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగే గరిష్ఠ సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అది కూడా రసీదు ఇచ్చి తీసుకోవాలి. రిక్రూటింగ్ లైసెన్సు ఉన్నవాడు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఖతార్ 2004 నాటి కార్మిక చట్టం చెబుతోంది. వీసాలతో వ్యాపారం చేయకూడదని 2015 నాటి చట్టం చెబుతోంది. 2019 నుంచి హైదరాబాదుతో సహా మన నగరాల్లో ఖతార్ వీసా కేంద్రాలు పెట్టి, మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ బయలుదేరే ముందే జరిగే ఏర్పాటు కూడా చేశారు. ఇన్ని ఉన్నా ఆ కుర్రాడి జేబులోంచి లక్షా ఇరవై వేలు ఎలా పోయింది?

ఒక్కొక్కరినీ అడిగి చూడండి. ఊళ్ళో సబ్ ఏజెంటు, "నేను నెలరోజులు తిరిగాను, నా పెట్రోలు ఖర్చు, నా కష్టం" అంటాడు. పట్నం ఆఫీసువాడు, "పైన వీసాలు కొనాలి సార్, లేకపోతే ఆ ఆర్డరు ఇంకొకడికి పోతుంది" అంటాడు. కంపెనీలో మనుషుల్ని తీసుకునే ఉద్యోగి, "నేను ఎవరినీ అడగలేదు, వాళ్ళే ఇచ్చారు" అంటాడు. వడ్డీ వ్యాపారి, "నేను అవసరానికి ఆదుకున్నాను" అంటాడు. వీళ్ళలో ఎవరికీ తను దొంగననిపించదు. తిలా పాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. పాపాన్ని పిడికిళ్ళుగా పంచుకుంటే ఎవడి చేతిలోదీ బరువుగా అనిపించదు. మొత్తం బరువు మోసేవాడు మాత్రం ఒక్కడే ఉంటాడు.

ఈ గొలుసులో చాలామంది తెలుగువాళ్ళే అన్న సంగతి మనం మర్చిపోకూడదు. ఏజెంటు తెలుగువాడు, వడ్డీవాడు తెలుగువాడు, ఇక్కడ దోహా ఆఫీసులో లిస్టు మీద టిక్కు పెట్టేవాడు కూడా చాలాసార్లు మనవాడే. మన భాష మాట్లాడతాడనే ఆ కుర్రాడు నమ్మి డబ్బు చేతిలో పెట్టాడు.

"అయినా ఉద్యోగం దొరికింది కదా, అతనికి వచ్చిన నష్టం ఏమిటి?" అని వాదించేవాళ్ళు ఉన్నారు. నష్టం డబ్బుతో ఆగదు. 2018లో ఖతార్ చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ కూడా అవసరం లేదని చట్టం మార్చింది. కాగితం మీద ఆ కుర్రాడు ఈ రోజు స్వేచ్ఛాజీవి. కానీ ఊళ్ళో అప్పు ఉన్నంతకాలం సూపర్‌వైజరు తిట్టినా, జీతం ఆలస్యమైనా నోరు మూసుకుని పడి ఉంటాడు. చట్టం తీసేసిన ఎన్‌ఓసీని ఈ అప్పు మళ్ళీ అతని మెడకు కట్టింది.

ఇంకో నష్టం ఉంది, దాని గురించి మనం ఎప్పుడూ మాట్లాడం. పాతికేళ్ళు కూడా లేని కుర్రాడు విమానం ఎక్కకముందే కెమెరా ముందు నిలబడి "నేను డబ్బు ఇవ్వలేదు" అని అబద్ధం చెప్పాడు. చెప్పించారు. అతని కొత్త జీవితంలో మొదటి పాఠం అది. రేపు ఇతనే ఊరికి వెళ్ళి నలుగురిని తీసుకొస్తే, తను కట్టింది రాబట్టుకోవడానికి వాళ్ళ దగ్గర తీసుకోడని గ్యారంటీ ఏమిటి? చాలామంది సబ్ ఏజెంట్లు అలా తయారైనవాళ్ళే. ఒకప్పుడు వాళ్ళూ మోసపోయినవాళ్ళే.

నా పిడికెడు

ఇప్పుడు ఆ రెండో కారణం. దోహాలో నాకు బాగా తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఒక కంపెనీలో మనుషుల్ని తీసుకునే విభాగంలో పనిచేస్తారు. మనవాడు ఎవరైనా చనిపోతే, శవాన్ని ఇంటికి పంపడానికి అర్ధరాత్రి కూడా ఆస్పత్రి చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. వరదలు వస్తే మొదటి చందా ఆయనదే. మా ఉగాది వేడుకలకు హాలు అద్దె చాలాసార్లు ఆయనే కట్టారు. నేను పైన చెప్పిన సభకు కూడా!

ఆయన ఒకసారి భోజనాల దగ్గర నవ్వుతూ అన్నారు. "ఒక్కో వీసాకు ఏజెంటు వెయ్యి రియాళ్ళు ఇచ్చిపోతాడు. నేను అడగను. వద్దన్నా ఇంకొకడు తీసుకుంటాడు. కనీసం నా దగ్గరకొస్తే కొంత మంచి పనికి పోతుంది." అప్పుడు ఆ బల్ల దగ్గర ఆరుగురం ఉన్నాం. అందరం చదువుకున్నవాళ్ళమే. ఒకాయన నవ్వాడు, ఒకాయన ఫోను చూసుకున్నాడు. నేను పెరుగన్నం కలుపుకున్నాను.

నేనెందుకు మాట్లాడలేదు? అంతకు రెండేళ్ళ ముందు మా చిన్నాన్న కొడుకుకు ఉద్యోగం కావాలని ఆయన్ని అడిగాను. ఒక్క రూపాయి తీసుకోకుండా వీసా ఇప్పించారు. "ఎంత మంచి మనిషి!" అని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు నేను లంచం ఇవ్వలేదు, తీసుకోలేదు. కానీ నా నోరు అమ్ముడుపోయింది. ఆ సంగతి నాకు ఆ కేటరింగ్ కుర్రాడు అడిగేదాకా తెలియలేదు. అతని డబ్బు ఈయన దగ్గరికి వచ్చిందని నేను అనను. కంపెనీలు వేరు. పద్ధతి మాత్రం ఒక్కటే.

మన భాషలో దీనికి మంచి మాట ఉంది, మొహమాటం. ఆశ వల్ల మనిషి చెడిపోతాడని అందరూ చెబుతారు. నిజమే, కానీ ఆశపడి చెడేవాళ్ళు పదిమంది అయితే మొహమాటంతో చెడేవాళ్ళు వందమంది. లంచం తీసుకునేవాడికి ధైర్యం ఇచ్చేది ఆ వందమందే. "మనవాడు కదా", "మనకు సాయం చేశాడు కదా", "నలుగురిలో అంటే బాగుండదు కదా"... ఈ మూడు మాటలు చాలు, ఎంతటి చదువుకున్నవాడి నోరైనా మూతపడటానికి.

సత్యం మనకు చెప్పిన పాఠం

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది కొత్త పాఠం కాకూడదు. 2009 జనవరి 7 మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన ఉత్తరం ఆ రోజు బయటకొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నాడు. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. అక్కడ పనిచేస్తున్న సుమారు 53 వేలమంది, వాళ్ళ ఇళ్ళల్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందో లేదో!

ఆ ఉత్తరంలో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే విషయం 5,040 కోట్ల అంకె కాదు. అసలు లాభానికీ, పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట్లో చాలా చిన్న తేడా ఉండేదట. ఏటేటా దాన్ని కప్పిపుచ్చుతూ పోతే అది పెరిగి పెరిగి చేయిదాటి పోయింది. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు, ఆయన లెక్క ప్రకారమే అసలు లాభం 61 కోట్లు. పులి మీద ఎక్కినవాడికి, దిగితే అది తినేస్తుందేమో అన్న భయం లాంటిది తన పరిస్థితి అని రాసుకున్నాడు. పులి మీద ఎక్కేటప్పుడు అది పులిపిల్ల అయి ఉంటుంది, అదే చిక్కు.

ఆయన రాక్షసుడా? 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవను తెచ్చింది కూడా ఆయనే. ఆ కూత విని ప్రాణం నిలబడ్డ కుటుంబాలు మన ఊళ్ళల్లో ఎన్ని లేవు! ఊళ్ళకు మంచినీళ్ళు, చదువు అంటూ బైర్రాజు ఫౌండేషన్ పనిచేసింది. మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు సత్యంకు వచ్చింది 2008లోనే. తర్వాత వెనక్కి తీసుకున్నారు, అది వేరే సంగతి. మంచి చేసే మనిషి చెడు చేయలేడని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. చేసిన మంచిని బ్యాంకులో డిపాజిట్టులా వేసుకుని, దాని మీద చెడును ఓవర్‌డ్రాఫ్టుగా వాడుకుంటాం. మా పెద్దమనిషి "కొంత మంచి పనికి పోతుంది" అన్నది కూడా ఈ లెక్కలోదే.

సత్యం బోర్డులో ఎవరున్నారు? హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఐటీ మాజీ డైరెక్టరు, ఐఎస్‌బీ డీన్. 2008 డిసెంబరు 16న కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదన వాళ్ళ ముందుకు వచ్చింది. ప్రశ్నలు వేశారు. చివరికి మాత్రం వద్దని చెప్పినవాడు ఒక్కడూ లేడు. మదుపరులు గోల పెట్టడంతో కొన్ని గంటల్లోనే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అదే నెలలో మారుపేరుతో ఒక ఈమెయిలు మాత్రం ఒక స్వతంత్ర డైరెక్టరుకు చేరింది, కంపెనీ లెక్కల్లో మోసం ఉందని. అంతటి మేధావుల మధ్య నిజం మాట్లాడటానికి ఒక మనిషికి మారుపేరు కావాల్సి వచ్చింది!

ఇంజనీరుగా నన్ను ఇంకా బాధపెట్టేది మరొకటి. కంపెనీ ఇన్వాయిస్ సాఫ్ట్‌వేరులో సూపర్ యూజర్ యాక్సెస్ వాడి ఏడు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌లు పెట్టారని, అవి మిగతా విభాగాలవాళ్ళకు కనబడకుండా దాచారని సీబీఐ దర్యాప్తులో తేలింది. కనబడకుండా దాచే ఆ వీలును ఎవరో ఒక ప్రోగ్రామరే కదా కోడు రాసి ఉంటాడు! ఆ రోజు అతనికి అది ఒక రిక్వైర్‌మెంటు మాత్రమే. సాయంత్రానికి చెకిన్ చేసి ఇంటికి వెళ్ళి ఉంటాడు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ శిక్ష వేసింది. మరుసటి నెలలోనే పైకోర్టు శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది. పిడికెడు పంచుకున్నవాళ్ళు మాత్రం ఆ పదిమందికన్నా చాలా ఎక్కువే ఉంటారని నా నమ్మకం.

మనసు మొద్దుబారడం

ఇది మన జాతి జబ్బు కూడా కాదు, మనిషి జబ్బు. చాణక్యుడు అర్థశాస్త్రంలో ఖజానా సొమ్ము కాజేసే పద్ధతులు నలభై లెక్కపెట్టాడు. అంటే రెండు వేల ఏళ్ళ కిందటే ఆడిటింగ్ అవసరం వచ్చిందన్నమాట! 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఎనభై మంది చేత గాజు సీసాలో ఎన్ని నాణేలున్నాయో తోటివాడికి చెప్పించారు. అబద్ధం చెబితే తమకు లాభం వచ్చేలా ఏర్పాటు. మొదట చిన్న అబద్ధాలు చెప్పారు, పోనుపోను అవి పెద్దవయ్యాయి. కొందరి మెదడును స్కాన్ చేస్తే, ఉద్వేగాలకు స్పందించే అమిగ్డాలా అనే భాగం మొదటి అబద్ధానికి ఉలిక్కిపడినంతగా తర్వాతివాటికి పడలేదు. మన అమ్మమ్మలు ఈ సంగతిని స్కానర్లు లేకుండానే "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు.

దీని అర్థం ఏమిటి? మనకు లోపల ఒక అలారం ఉంది. అది మొదటిసారి గట్టిగా మోగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే రెండోసారి తక్కువగా మోగుతుంది. పదోసారికి మోగదు. అప్పుడు మనం నిజాయితీపరులమనే నిజంగా నమ్ముతాం. అందుకే అవినీతిపరుడైన అధికారిని అడిగితే ఏ మాత్రం తడబడకుండా "నేను అందరిలా కాదు" అని చెబుతాడు. అతను అబద్ధం ఆడటం లేదు, అతని అలారం చెడిపోయింది.

మరి మందు లేదా?

"వ్యవస్థ సరిగా ఉంటే మనిషి అదే సరిగా ఉంటాడు" అన్నది మన మిత్రులు తరచుగా చెప్పే మాట. నేనూ సభల్లో చెప్పాను. దోహాలో ఎర్రలైటు దాటితే 6,000 రియాళ్ళ జరిమానా. అందుకే రాత్రి రెండింటికి, రోడ్డు మీద పురుగు లేకపోయినా మనవాడు బుద్ధిగా ఆగుతాడు. అతనే శంషాబాదులో దిగిన గంటకు రాంగ్ రూటులో వెళతాడు. కాబట్టి వ్యవస్థ ముఖ్యమే, కాదనను. కానీ ఎర్రలైటు దగ్గర ఆగిన అదే మనిషి అదే దోహాలో వీసాకు వెయ్యి రియాళ్ళు పుచ్చుకుంటున్నాడు కదా! అక్కడ కెమెరా లేదు. కెమెరా పెట్టలేని చోట్లు ప్రతి ఉద్యోగంలోనూ, ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

అయితే కెమెరా పెట్టలేని చోట కూడా ఒక పని చేయవచ్చు. రసీదు అడగవచ్చు. ఇక్కడ ప్రపంచ కప్పు పనులప్పుడు జరిగినది చూడండి. స్టేడియాల పనులు చూసిన సుప్రీం కమిటీ, కార్మికులు స్వదేశంలో కట్టిన ఏజెంటు డబ్బును కాంట్రాక్టర్ల చేత వాయిదాల్లో తిరిగి ఇప్పించే పథకం పెట్టింది. మొదటి చిక్కు, కార్మికుల దగ్గర రసీదులు లేవు. అందుకని లెక్క తిరగేశారు. కార్మికుడు కట్టానని రుజువు చేయనక్కరలేదు. కట్టలేదని కంపెనీయే చూపించాలి, లేకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలి. 2022 నాటికి ఇలా వేలమంది కార్మికులకు రెండు కోట్ల డాలర్లకు పైగా వెనక్కి వచ్చింది. ఖతార్‌లో ఉన్న మొత్తం కార్మికుల సంఖ్యతో పోలిస్తే అది చిన్న భాగమే. అయినా, రసీదు లేకపోవడం అనేది దొంగకు రక్షణగా కాకుండా నేరానికి గుర్తుగా చూడవచ్చని అది చూపించింది.

ఈ కొలబద్దనే మనం మన మీద పెట్టుకుందాం. తీసుకున్న దానికి రసీదు ఇవ్వగలనా? ఇచ్చిన దానికి రసీదు అడగగలనా? ఈ ప్రశ్నకు "లేదు" అనిపించిన ప్రతిచోటా మన పిడికెడు ఉన్నట్టే. డబ్బుకే కాదు, సాయానికి కూడా ఇది వర్తిస్తుంది. నలుగురిలో చెప్పలేని సాయం తీసుకున్నామంటే మన నోటికి ఎవరో తాళం వేశారన్నమాట.

మిత్రులారా, ఇక నా ప్రతిపాదనలు. పెద్ద విప్లవాలు కావు, వచ్చే నెల నుంచే చేయగలిగినవి.

ఒకటి. మన సంఘాలు, మన ఫోరం జమాఖర్చులు ప్రతి కార్యక్రమం తర్వాత సభ్యులందరికీ ఇవ్వాలి. ఎవరు ఎంత ఇచ్చారో పేరుతో సహా. మన సుప్రీం కోర్టు 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్లు రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసినప్పుడు మనమంతా సంతోషించాం. పార్టీలకు డబ్బు ఎవరిచ్చారో ఓటరుకు తెలియాలన్నాం. మరి మన ఉగాది పచ్చడి ఎవరి డబ్బుతో కలిపామో మన సభ్యులకు తెలియవద్దా?

రెండు. ఊరి నుంచి ఎవరైనా గల్ఫ్ ఉద్యోగం గురించి ఫోను చేస్తే, "చూద్దాంలే" అని తప్పించుకోకుండా పావుగంట కేటాయించండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసి చెప్పండి. 30 వేలు, దాని మీద జీఎస్టీ దాటి ఒక్క రూపాయి అడిగినా తప్పని చెప్పండి. రసీదు లేనిదే డబ్బు కట్టొద్దని చెప్పండి. "డబ్బు ఇవ్వలేదు" అని వీడియో అడిగితే అక్కడే ఆగిపొమ్మని చెప్పండి. మీ పావుగంట అతని రెండేళ్ళ వడ్డీతో సమానం.

మూడు. మనలో మనుషుల్ని తీసుకునే ఉద్యోగాల్లో, కొనుగోళ్ళ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఏజెంటు దగ్గర, వెండరు దగ్గర ఏమీ పుచ్చుకోమని మన సభలో నలుగురి ముందు చెప్పాలి. చెప్పినంత మాత్రాన అందరూ మారిపోరు. కానీ చెప్పినవాడు పుచ్చుకోవాలంటే లోపలి అలారం మళ్ళీ కొంచెం మోగుతుంది.

నాలుగు. మన ఊరి వ్యవహారాలు. హైదరాబాదులోనో విజయవాడలోనో ప్లాటు కొంటూ "వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అని అడిగే మనం, మర్నాడు నల్లధనం మీద వ్యాసం రాయడం ఆపేద్దాం. వ్యాసమైనా మానాలి, బ్లాక్ అయినా మానాలి. జీతం తప్ప గీతం వద్దని గుమాస్తాకు చెప్పే హక్కు అప్పుడే మనకు వస్తుంది.

చివరిగా, ఆ పెద్దమనిషి సంగతి. ఈ వ్యాసం పంపే ముందు ఆయన దగ్గరికి వెళ్ళాను. వెనకనుంచి రాయడం ఇష్టం లేక అన్నీ ముఖం మీదే చెప్పాను. మొదట కోపం వచ్చింది ఆయనకు. "మీ తమ్ముడికి వీసా ఇప్పించినప్పుడు నేను మంచివాణ్ణి, ఇప్పుడు చెడ్డవాణ్ణి అయ్యానా?" అన్నారు. ఆ ప్రశ్నకు నేను తలవంచుకున్నాను, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. "మీరు చెడ్డవారని చెప్పడానికి రాలేదన్నా. ఆ రోజు నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు, అది చెప్పడానికే వచ్చాను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

ఆయన మానేస్తారో లేదో నా చేతిలో లేదు. మా స్నేహం నిలుస్తుందో లేదో కూడా చెప్పలేను. నా చేతిలో ఉన్నది ఒక్కటే. వచ్చే ఉగాదికి హాలు అద్దె సభ్యులమే తలా కొంచెం వేసుకుని కడదామని కమిటీలో ప్రతిపాదించాను. డబ్బు తక్కువైతే చిన్న హాలు తీసుకుందాం, అదీ కుదరకపోతే ఎవరింట్లోనైనా కూర్చుందాం. ఆ జగిత్యాల కుర్రాణ్ణి కూడా పిలుస్తాను, ఈసారి ప్లేట్లు తీయడానికి కాదు, మనతో కూర్చుని తినడానికి. అతను మళ్ళీ అదే ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి మీరు కూడా రండి.